ముదినేపల్లి చేలో దిగిన హెలికాప్టర్

రెండేళ్ల క్రితం, జూన్ నెల. హెలికాప్టర్ మెయింటెనెన్స్ ఇంజనీరుగా నాకు లైసెన్స్ వచ్చి నెల కూడా కాలేదు. సెలవు పెట్టి ఏలూరు పక్కన వట్లూరులో మా ఇంట్లో ఉండగా విశాఖ నుంచి మా మేనేజర్ ఫోన్ చేశారు.

"ముదినేపల్లి దగ్గర మన హెలికాప్టర్ పొలంలో దిగిందమ్మా. అందరిలోకీ నువ్వే దగ్గర. వెంటనే బయల్దేరు!"

కైకలూరు మీదుగా స్కూటర్ మీద ఎలా వెళ్లానో నాకే తెలియదు. ఎండిన వరిచేలో హెలికాప్టర్, చుట్టూ ఊరు ఊరంతా. చేను ఆసామి సూర్యనారాయణ గారు అడ్డంగా తాడు కట్టి జనాన్ని ఆపుతున్నారు.

"గాల్లో ఉండగా చిప్ లైట్ వెలిగిందండీ," అన్నారు పైలట్ కెప్టెన్ రవి గారు.

పైన రెక్కల్ని తిప్పే గేర్‌బాక్స్ అడుగున చిప్ డిటెక్టర్ ఉంటుంది. అదొక అయస్కాంతపు ప్లగ్. ఆయిల్‌లో ఇనుప రజను చేరితే దానికి అంటుకుంటుంది, పైలట్ ముందు లైట్ వెలుగుతుంది.

ప్లగ్ విప్పాను. బూడిద రంగు నుసి, మామూలు అరుగుదలే. మాన్యువల్‌లో చెప్పినట్టే తుడిచి బిగించి, నేల మీదే ఇంజన్ నడిపించాం. ఇరవై నిమిషాలు గడిచాయో లేదో, లైట్ మళ్లీ వెలిగింది!

ఇంజన్ ఆపి చూస్తే, ఈసారి చేప పొలుసంత పల్చటి రేకు.

"గన్నవరం ఎయిర్‌పోర్టు పావుగంటేనండీ. ఎగరొచ్చని సంతకం పెట్టేయండి, జాగ్రత్తగా తీసుకెళ్తాను," అన్నారు కెప్టెన్.

ఆయనది ఇరవై ఏళ్ల అనుభవం. నాకు వాదించే ధైర్యం లేక ఆ రేకును ఆయన అరచేతిలో పెట్టాను.

సూర్యనారాయణ గారు తొంగిచూశారు. "మా చేపల చెరువులో నీళ్లు చిలికే ఏరియేటర్ గేర్‌బాక్సులోనూ ఇలాంటిదే వచ్చిందండీ. మర్నాటికి బేరింగు ముక్కలైపోయింది."

కెప్టెన్ రేకును వేలితో అటూ ఇటూ తిప్పి చూశారు. "వద్దులెండి. ఎగరను," అన్నారు.

కొత్త గేర్‌బాక్స్ లారీలో వచ్చింది, క్రేన్ వచ్చింది, విశాఖ నుంచి మా సీనియర్లూ వచ్చారు. పని సగంలో ఉండగా కాలవకి నీళ్లు వదిలారు. చేను తడిస్తే క్రేన్ దిగబడిపోతుంది. సూర్యనారాయణ గారు మాత్రం చేలోకి నీళ్లు తెచ్చే పంటబోదెకి మట్టి అడ్డం వేయించారు. "ఈ చేను తర్వాత తడుపుకుంటానండీ. మీరు కంగారు పడకండి."

ఐదో రోజు పొద్దున్నే పని పూర్తయి, నేను సంతకం పెట్టాను. "ఎక్కండమ్మా, సంతకం పెట్టినవాళ్లే ముందు కూర్చోవాలి," అన్నారు కెప్టెన్ నవ్వుతూ. పైకి లేచాం. లైట్ వెలగలేదు! కొల్లేరు అంతా ఒక్కసారి కళ్లముందు మెరిసింది. నేను గట్టిగా అరిచేశాను. కింద జనం కూడా చేతులూపుతూ కేకలు వేస్తున్నారు.

పాత గేర్‌బాక్స్‌ను విశాఖలో విప్పితే లోపల బేరింగు పొరలు పొరలుగా లేచిపోయి ఉందట. పావుగంట ప్రయాణానికి కూడా ఆగేది కాదేమోనని మా సీనియర్లు అన్నారు.

అప్పటినుంచి ఎంత పెద్ద పైలట్ తొందరపెట్టినా నేను వాదనకు దిగను. నా కంటికి కనిపించిందాన్ని ఆయన చేతిలో పెట్టి, చూసేదాకా పక్కనే నిలబడతాను.