అడుగు దాటిన చీపురు

క్యోటోలోని ఆ సందులో యాభై ఏళ్లుగా ఫుమియే అనే ముసలావిడ చీపురు పక్కింటి హద్దును ఒక్క అడుగే దాటేది. అంతకు మించి ఊడిస్తే, ఆ ఊరి మర్యాద ప్రకారం, మీ వాకిలి మురికని మొహం మీద అన్నట్టే.

కొత్త సంవత్సరం సెలవులకు పక్కింట్లో దిగిన సెర్బియా మనిషి మిలోష్ మాత్రం రోజూ ఆమె గుమ్మం దాకా మంచు ఊడ్చేస్తున్నాడు. వెక్కిరింపా? ఇంటి మీద కన్నేశాడా?

నాలుగో రోజు నిలదీసింది. "ఏమయ్యా, మా వాకిలి నీ కంటికి అంత అసహ్యంగా ఉందా?"

"అయ్యో, మీరు జారిపడతారేమోనండీ."

ఆమె నమ్మలేదు. ఏ లాభమూ లేకుండా ఎవడు ఊడుస్తాడు?

అతను వెళ్లిపోయిన మర్నాడు మళ్లీ మంచు పడింది. ఫుమియే చీపురు అడుగు దాటి, ఆ ఖాళీ ఇంటి గుమ్మం దాకా పోయింది. ఆమె ఉలిక్కిపడి, ఎవరైనా చూశారేమోనని సందంతా కలియజూసి, ఊడ్చిన మంచును గుప్పిళ్లతో మళ్లీ అక్కడే పోసింది.