అన్న పేర్చిన చింతగింజలు

అన్న పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను మల్బరీ తోటలో ఆకు కోస్తున్నాను. చేసింది వదిన. "మీ అన్న లేడప్పా" అన్నది. వెనకాల ఎవరో ఆంబులెన్సు సంగతి కన్నడలో మాట్లాడుతున్నారు. "వస్తాండా వదినా" అన్నాను. ఫోను జేబులో పెట్టుకొని, కోసిన ఆకు మోపు కట్టి, ఇంటికి తెచ్చి పట్టుపురుగులకు వేశాను. నాలుగో జ్వరం, అంటే ఆఖరుసారి పొర విడవడం, దాటి లేచిన పురుగులు. ఆ దశలో పూట తప్పితే గూడు పలచబడుతుంది. అవి ఆకు మీదికి ఎక్కేదాకా నిలబడి చూశాను. తరవాత చేతులు కడుక్కొని, బండి తీసి చింతామణికి బయలుదేరాను. దారి పొడుగునా ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఇవాళ్టికీ సరిగా రాలేదు.

ఆయన నాకు తోడల్లుడు. మా ఇద్దరికీ పాతపాళ్యలో ఒకే ఇంటి ఆడపిల్లల్ని ఇచ్చారు. ఆయన పెద్దల్లుడు, నేను చిన్నల్లుణ్ణి. వరసకు అన్న. చింతామణిలో చింతపండు, ఎండుమిరపకాయల అంగడి. మనిషి లోపలికి రాకముందే ఆయన చొక్కా ఘాటు వచ్చేది. నా పిల్లలు చిన్నప్పుడు ఆయన ఎత్తుకుంటే తుమ్మేవాళ్ళు.

నాకు పెళ్ళయిన కొత్తలో, అత్తగారింట్లో మొదటిసారి పంక్తిలో కూర్చున్నాను. నేను తిండి దగ్గర నెమ్మది. అందరి విస్తళ్ళూ ఖాళీ అయ్యాయి. నాకింకా పెరుగన్నం మిగిలి ఉంది. సిగ్గుతో గబగబా తినబోతే గొంతుకు అడ్డం పడింది. పక్కనున్న అన్న మళ్ళీ కొంచెం మజ్జిగ పోయించుకొని, దాన్ని వేళ్ళతో కలుపుతూ కూర్చున్నాడు. ఆయన చెయ్యి అప్పటికే ఎండిపోయింది. పెద్దల్లుడు లేవకుండా మిగతావాళ్ళు లేవలేరు. మా మామగారు గొణిగినా ఆయన కదల్లేదు. నేను విస్తరి మడిచాక, "ఇంగ లేద్దామా?" అన్నాడు. ఈ సంగతి ముందుగా ఎందుకు చెప్పానో చదివేవారికి తరవాత తెలుస్తుంది.

మాకు ఆట నేర్పింది మంజునాథ. బెంగళూరులో కంప్యూటరు పని చేసి, అది మానుకొని వచ్చి చిక్కబళ్ళాపురంలో మందుల అంగడి పెట్టుకున్నాడు. అన్నకు మందులు ఇచ్చేది అతనే. ఒక ఆదివారం ఒక పెట్టె నిండా కార్డులు తెచ్చాడు. పేకాట అనుకొని వదిన అంగడి పైనున్న మేడగదికి రానివ్వలేదు. మంజునాథ మెట్ల మీదే కూర్చొని రెండు మూడు కార్డులు చూపించాడు. వాటి మీద బొమ్మలు చూసి, "ఇవి పిల్లోళ్ళవి కదప్పా" అని వదిలేసింది.

తెలియనివారి కోసం కొంచెం చెప్తాను. ఈ ఆటలో ఒక్కొక్కరూ తాము ఏరి కట్టుకున్న కార్డుల కట్టతో కూర్చుంటారు. దాన్ని డెక్ అంటారు. నచ్చని కార్డు ఇచ్చి నచ్చింది మార్పిడి చేసుకోవచ్చు. నలుగురు కూర్చుంటే ప్రతివాడికీ మిగతా ముగ్గురూ శత్రువులే. ఒక్కొక్కరికి ఇంత ప్రాణం అని ఉంటుంది. అది అయిపోతే ఆట నుంచి లేచినట్టు. ఇక చాలు అనుకుంటే ఎవరి కార్డులు వాళ్ళు ఎత్తేసుకోవచ్చు. అదీ లేచినట్టే. ఆఖరుకు మిగిలినవాడిది గెలుపు. కొన్ని కార్డులు చిన్న సైనికుల్ని పుట్టిస్తాయి. ఆ సైనికులకు విడిగా కార్డు ఉండదు కాబట్టి బల్ల మీద ఏదో ఒక గుర్తు పెట్టుకోవాలి. అదే టోకెన్. అన్న తన డెక్ మొత్తం ఈ టోకెన్ల కోసమే కట్టాడు. పెద్ద పెద్ద మృగాల కార్డులు ఆయనకు పట్టలేదు. "ఒక్కోదానికి బలం ఒకటే కదన్నా, దాంతో ఏం కొడతావు?" అని అడిగాను. "మా అంగట్లో మూటలెత్తేవాణ్ణి అడుగు, గింజకు బరువు ఉండాదో లేదో" అన్నాడు.

మొదట్లో టోకెన్లకు వేయించిన శెనక్కాయలు పెట్టుకున్నాడు. మేం మాటల్లో పడి తినేసేవాళ్ళం. "ఏమప్పా, దాడికి పంపిద్దామనుకుంటే నా సైన్యాన్ని నమిలేస్తివే" అని మంజునాథను పట్టుకున్నాడు ఒకసారి. అన్న కూడా తిన్నాడని నేను చూశాను, చెప్పలేదు. తరవాత మా ఇంటినుంచి పట్టుగూళ్ళు తీసుకెళ్ళాను. అవి చూడ్డానికి బాగుండేవి గాని ఫ్యాను వేస్తే సైన్యమంతా ఎగిరి గోనెసంచుల మధ్య పడేది. ఫ్యాను ఆపితే ఆ మేడగదిలో కూర్చోలేం. ఆఖరుకు ఆయనే చింతగింజలు తెచ్చాడు. చిన్నప్పుడు పాచికలకోసం చేసుకున్నట్టే ఒక్కొక్క గింజనూ ఒక పక్క బండమీద అరగదీసి తెల్లగా చేశాడు. అంగట్లో బేరాలు లేనప్పుడు మెట్టుమీద కూర్చొని అదే పని. కొత్తగా పుట్టిన సైనికుడు వెంటనే దాడికి పోకూడదు, ఒక చుట్టు తిరిగి మళ్ళీ తన వంతు వచ్చేదాకా ఆగాలి. అందుకని పుట్టిన గింజను నల్లవైపు పైకి పెట్టేవాడు. తన వంతు రాగానే అన్నిటినీ తెల్లవైపుకు తిప్పేవాడు. తెలుపు వచ్చిందంటే మాకు దెబ్బలు ఖాయం.

నాలుగో మనిషి టీచరమ్మ. బాగేపల్లిలో హైస్కూలు టీచరు. ఏడాదికి సరిపడా చింతపండు కొనడానికి అంగడికి వచ్చి, మేడ మీద గొడవ విని, "ఏం ఆటప్పా అది?" అని ఎక్కి వచ్చింది. తరవాతి ఆదివారం బస్సెక్కి మళ్ళీ వచ్చింది. చింతపండు కోసం కాదు. బల్లమీద ఉన్న సైనికులందరినీ ఒక్క దెబ్బతో తుడిచేసే కార్డులు ఆమె దగ్గర ఉండేవి. అన్న ఎంత కూడబెట్టినా ఆమె ఒక్క కార్డు వేసి, "తీసేయండన్నా" అనేది. అన్న గింజల్ని డబ్బాలోకి ఊడ్చుకుంటూ, "పిల్లోళ్ళు మీ క్లాసులో ఎట్లుంటారో అర్థమైందమ్మా" అనేవాడు.

అన్న ఓడేది మాత్రం టీచరమ్మ వల్ల కాదు. ఆయన పద్ధతి వల్ల. ఇలాంటి దాడి డెక్ పట్టుకున్నవాడు ముందు ఒకణ్ణి లేపేయాలి, తరవాత రెండోవాణ్ణి. అన్న అట్లా చేయడు. సైనికుల్ని ముగ్గురి మీదికీ సమానంగా పంచుతాడు. ముగ్గురికీ ప్రాణం తగ్గుతుంది, ఎవరూ లేవరు. తరవాత ముగ్గురం కలిసి ఆయన్ని కొడతాం.

"మీరు యుద్ధానికి వచ్చినారా, వడ్డించడానికి వచ్చినారా అన్నా?" అని టీచరమ్మ ఎగతాళి చేసేది.

"వడ్డనే అమ్మా. ఎవరి విస్తరీ ఖాళీగా పెట్టను."

ఒకసారి నాకు విసుగొచ్చి, "మంజునాథకు ప్రాణం అయిపో వచ్చింది, ఫస్టు వాణ్ణి లేపెయ్ అన్నా" అన్నాను.

"లేపేస్తే వాడు యాడ కూర్చోవల్ల? మనం ఆడేదాకా గోడ చూస్తా కూర్చోవల్లనా?"

"ఆటలో అంతే కదన్నా."

"పంక్తిలో అందరూ ఒకేసారి లేయల్లప్పా. అట్ల లేచే మాదిరి డెక్ కడతా చూడు."

ఆయన పట్టుదల అదీ. మొదటి ఆటలో మంజునాథ ఆయన్నే అందరికంటే ముందు లేపేశాడు. చేయడానికేమీ లేక ఆయన కిందికి దిగి, ఆదివారం పూట అంగడి ఊడ్చి, మిరపకాయల మూటలు సర్ది, పైకొచ్చి, "ఇంగా అయిపోలేదా?" అని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ రోజునుంచే అనుకున్నాడేమో. ముగ్గురినీ ఒకే వంతులో, ఒకే దాడిలో లేపాలి. ఒక్కసారైనా. దానికి ఎన్ని గింజలు కావాలో, ఎంత ఓపిక కావాలో మంజునాథ లెక్కగట్టి, "అయ్యే పని కాదన్నా" అన్నాడు. అన్న తల ఊపి డెక్ సర్దుకోవడం మొదలుపెట్టాడు.

సరుకు సర్దినట్టే డెక్ సర్దేవాడు. ఆట అయిపోయాక చేతిలో వాడకుండా మిగిలిన కార్డు ప్లాస్టిక్ తొడుగుమీద పసుపుతో చుక్క పెట్టేవాడు. చుక్కలు ఎక్కువైన కార్డు బయటికి. "అంగట్లో కదలని సరుకును ముందు వరసలో పెట్టుకుంటామా?" అనేవాడు. వెనకవైపు చుక్క పెడితే గుర్తుపట్టే దొంగాట అవుతుందని మంజునాథ అంటే, అన్నీ తుడిచి మళ్ళీ ముందువైపు పెట్టాడు. ఖరీదైన సైనికుల్ని తీసి చవకగా పుట్టేవాళ్ళను పెట్టాడు. బలం పెంచే కార్డులు తగ్గించి, మరో కార్డు అందించేవి చేర్చాడు. టీచరమ్మ తుడిచేసినా మళ్ళీ లేచేందుకు చేతిలో ఒకటి ఎప్పుడూ దాచుకోవడం నేర్చుకున్నాడు. డెక్ మెల్లగా బాగుపడుతోందని మాకు ముగ్గురికీ తెలిసింది.

ఆ నడుమే మూత్రపిండాలు పాడయ్యాయి. చిక్కబళ్ళాపురంలో డయాలిసిస్. మంజునాథ బస్టాండునుంచి ఆస్పత్రికి తీసుకెళ్ళేవాడు. ఒకసారి నేనూ వెంట ఉన్నాను. సూది గుచ్చని చేత్తో దుప్పటి మీద కార్డులు పరచుకొని చూస్తున్నాడు. నర్సమ్మ వచ్చి, "అప్పా, ఇక్కడ ఇస్పేట్ ఆడకూడదు" అంది.

"ఆడేది కాదమ్మా, సర్దేది."

"ఎవరితో ఆడతారు?"

"ముగ్గురున్నారు. ముగ్గురినీ కొట్టల్ల."

ఆమె నవ్వి, రక్తపు గొట్టం తగలకుండా కార్డుల్ని అటు జరిపి పోయింది.

ఆయన నాతో, "ఇంగ ఒక్క కార్డే తక్కువుండాది తమ్ముడా" అన్నాడు. పుట్టే సైనికుల్ని రెండింతలు చేసే కార్డు అది. మంజునాథ దగ్గర ఉంది. దానికి బదులు అన్న తన దగ్గరున్న ఒకే ఒక్క పెద్ద మృగాన్ని, రెక్కలున్న దాన్ని, ఇచ్చాడు. బొమ్మ బాగుంటుందని మొదటి రోజునుంచి దాచుకున్నది. మంజునాథ ఊరికే ఇస్తానన్నా వినలేదు. "మార్పిడంటే మార్పిడే" అన్నాడు.

ఆఖరు ఆదివారం చేతులు వాచి ఉన్నాయి. గింజలు ఆయన చెప్తుంటే నేను పేర్చాను. రెండింతల కార్డు పడింది. దాని వెనకే సైనికుల్ని పుట్టించేవి రెండు పడ్డాయి. డబ్బాలో గింజలు అయిపోతే వదిన కిందినుంచి కొత్త గింజలు తెచ్చింది. అవి అరగదీయనివి, రెండు వైపులా నలుపే. "ఇట్లే పెట్టప్పా, తిప్పేటప్పుడు చూద్దాం" అన్నాడు. మిగతావీ నల్లవైపు పైకి, ఒకదాని పక్కన ఒకటి పెట్టాను. చుట్టు తిరిగి ఆయన వంతు వస్తే ముగ్గురం ఒకేసారి లేస్తామని బల్ల చూస్తేనే తెలుస్తోంది. నా వంతు అయింది, చేయగలిగింది లేదు. మంజునాథదీ అంతే. ఇక టీచరమ్మ. ఆమె చేతిలో ఉన్న కార్డుల వంక చూస్తూ ఉంది. తుడిచేది ఉందో లేదో ఆమె ముఖంలో తెలియదు.

అప్పుడు అన్నకు కళ్ళు తిరిగాయి. గోడకు ఆనుకొని, "ఈ పొద్దుకు చాలమ్మా. ఇట్లే ఉండనీ. వచ్చే ఆదివారం యాడ ఆపినామో ఆడనుంచి" అన్నాడు. కదలకుండా ఉంటుందని బల్లమీద తన పాత పంచె కప్పించాడు. మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకున్నాడు. బరువు లేడు.

ఆ వారంలోనే పోయాడు.

కర్మలన్నీ అయ్యాక వదిన ఫోన్ చేసింది. "మిరపకాయ మూటలు వచ్చినాయప్పా. పైన పెట్టల్ల. బల్లమీద మీ ఆట అట్లే ఉండాది. తియ్యల్లనా వద్దా నాకు తెలీదు. మీరే వచ్చి చూడండి."

ఆదివారం ముగ్గురం వెళ్ళాం. ఎప్పటి చోట్లలోనే కూర్చున్నాం. మంజునాథ పంచె తీసి మడిచాడు. గింజలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. టీచరమ్మ తను బోర్లించి వెళ్ళిన కార్డులు చేతిలోకి తీసుకొని చూసింది. చాలాసేపు చూసింది.

"ఉండాదా టీచరమ్మా?" అని మంజునాథ అడిగాడు. "తుడిచేది?"

ఆమె చేతిలోవి తన డెక్ మీద బోర్లించింది. బల్లమీదున్న తన కార్డులు ఒక్కొక్కటే ఎత్తడం మొదలుపెట్టింది. మంజునాథ ఆమె వంక చూసి తనవీ ఎత్తాడు. నేనూ ఎత్తాను. రెక్కలున్న మృగం మంజునాథ చేతిలో పైకి కనిపించింది. దాన్ని కట్ట మధ్యలోకి తోశాడు.

నేను నెమ్మది. వాళ్ళిద్దరివీ అయిపోయాయి, నావి ఇంకా బల్లమీద ఉన్నాయి. మంజునాథ కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఉండప్పా" అంది టీచరమ్మ.

అతను ఆగాడు. ఇద్దరూ కట్టలు చేతుల్లో పట్టుకొని, నా వైపు చూడకుండా కూర్చున్నారు. నేను ఆఖరు కార్డు ఎత్తి, కట్ట సరిచేసి, రబ్బరు బ్యాండు వేసుకున్నాను. అప్పుడు ముగ్గురం లేచాం.

వదిన తలుపు దగ్గర ఉంది. "మరి ఆయనవో?" అని అడిగింది.

ఆమె గింజల వంక చూసి, మూటలు కిందే పెట్టించుకుంటానని చెప్పి దిగిపోయింది.

నేను ఆఖరున బయటికి వచ్చాను. బల్లమీద మూడు వైపులూ ఖాళీ. అన్న వైపు మాత్రం ఆయన కట్ట, దాని ముందు చింతగింజలు, నల్లవైపు పైకి, పక్కపక్కన. ఫ్యాను తిరుగుతోంది. ఒక్కటి కూడా కదల్లేదు.