మాస్టారి రాయి దగ్గర పదో మనిషి

కెనడాలో కూతురి దగ్గరికి వచ్చేసిన యాకోబు మాస్టారు ఒట్టావాలో పోయి ఏడాదైంది. సమాధి దగ్గర రాయి నిలబెడుతున్నాం, ఆదివారం రమ్మని ఆయన కూతురు సారా అక్క ఫోన్ చేసింది. గుంటూరు జిల్లాలో మా చిన్నప్పుడు పగలు లెక్కలు, సాయంత్రం హీబ్రూ ప్రార్థనలు నేర్పింది ఆయనే. తెలుగు యూదులం కొద్ది కుటుంబాలమే. ప్రార్థన మందిరానికి స్థలమిచ్చింది మా తాత. తోళ్ల వ్యాపారంలో ఆయన సంపాదించినదంతా తర్వాత పోయింది. మందిరం గోడ మీద ఆయన పేరు మాత్రం ఉంది.

శనివారం మా విశ్రాంతి దినం, ప్రయాణాలు చేయం. ఆదివారం తెల్లవారకముందే మిస్సిసాగాలో గది వదిలి, టొరంటోలో ఆరున్నరకు ఒట్టావా బస్సు ఎక్కాను. టికెట్ ముందుగా తీసుకోవడం మంచిది, బస్సు నిండా కాలేజీ పిల్లలే. పక్క సీటు కరీంనగర్ కుర్రాడిది. నేనెందుకు వెళుతున్నానో విని కళ్లు పెద్దవి చేశాడు.

"తెలుగోళ్లల్ల యూదులుంటరా అన్నా?"

"ఉంటాం."

"మరి యూదులకు పౌరసత్వమిచ్చే ఇజ్రాయెల్ పోక గీ చలిల పీఆర్ కోసం తిప్పలెందుకన్నా?"

"వీసా కోసం యూదులం కాలేదు తమ్ముడూ," అన్నాను. అతను నవ్వి ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాడు.

దారిలో ఒకచోట పావుగంట ఆపారు. అక్కడ కాఫీ తప్ప మా నియమానికి సరిపోయేది దొరకదు. వెళ్లేవారు డబ్బా కట్టుకోవాలి. నాకు పులిహోర ఉంది.

పన్నెండుకు ఒట్టావాలో దిగాను. ఊరి శివారు కనాటా నుంచి సారా అక్క కారులో వచ్చి శ్మశానానికి తీసుకెళ్లింది. ఏప్రిల్ అయినా రాళ్ల నీడన మంచు కరగలేదు. పోయినవారి కోసం చదివే కడీష్‌కు పదిమంది యూదు మగవాళ్లుండాలి, లేకపోతే చదవరు. నేను కాక తొమ్మిదిమంది వచ్చారు. అక్కడి మా మతగురువు రబ్బీ నెమ్మదిగా నా దగ్గరికి వచ్చి, నీళ్లలో మునిగే స్నానం అయిందా అని అడిగారు. మా వంశానికి రుజువు కాగితాలు లేవు కనుక, ఇక్కడ లెక్కలోకి రావాలంటే రబ్బీల ముందు పరీక్షకు నిలబడి ఆ స్నానం చేయాలి.

"నేను పుట్టుకతోనే యూదుణ్ణి," అని చెప్పి వెనక్కి జరిగి నిలబడ్డాను.

సారా అక్క పక్కకు వచ్చింది. "అచ్చం నాన్నేరా నువ్వు! ఆయనా ఇలాగే బిగుసుకుని ఇక్కడి మందిరంలో మూడేళ్లు వెనక బెంచీలో కూర్చున్నాడు."

"మరి ఎందుకు ఒప్పుకున్నారు?"

"ఒకరోజు సైమన్ అని ఒకాయన, పోయిన వాళ్ల నాన్న కోసం కడీష్ చదవడానికి వచ్చాడు. తొమ్మిదిమందే ఉన్నారు. నాన్న అక్కడే ఉన్నాడు, కానీ లెక్కలోకి రాడు. సైమన్ చదవకుండానే ఏడ్చుకుంటూ వెళ్లిపోయాడు. ఆ వారమే నాన్న స్నానానికి పేరిచ్చాడు. నా పరువు కోసం వాళ్ల నాన్న ప్రార్థన ఆగిందే అమ్మాయీ, అన్నాడు."

పదో మనిషి కోసం చాలాసేపు చలిలో నిలబడ్డాం. అప్పుడు గేటు దగ్గర బురద నిండిన కారు ఆగింది. మాంట్రియల్ నుంచి వచ్చిన ఆ పెద్దమనిషి, దారిలో మంచు అని క్షమాపణ చెప్పుకున్నాడు. ఆయనే సైమన్ అని అక్క మెల్లగా చెప్పింది. ఆయనతో పదిమందయ్యారు, మాస్టారి కోసం కడీష్ చదివింది ఆయనే. 'ఆమేన్' మాత్రం ఎవరైనా అనవచ్చు. మాస్టారు నేర్పిన స్వరంలో గట్టిగా అన్నాను. ఒక గులకరాయి ఏరి, మా ఆచారం ప్రకారం సమాధి మీద పెట్టాను.

అయిదున్నర బస్సులో వెనుదిరిగాను. పొలాల మీద ఇంకా వెలుగుంది. యూదుగా పుట్టడం తాత మాకు వదిలిన ఆస్తి అని ఇన్నాళ్లూ దాచుకున్నాను. కానీ దాన్నే మాస్టారు నాకు చదువుగా ఇచ్చింది ఇంకొకరి పక్కన నిలబడటానికని ఇవాళ తెలిసింది. అందుకు ఆయనకు, ఆ పుట్టుకకు కృతజ్ఞుణ్ణి.

ఫోన్ తీసి అక్కకు మెసేజ్ పెట్టాను: "ఆ స్నానం నీళ్లు బాగా చల్లగా ఉంటాయా?"

వెంటనే జవాబు వచ్చింది: "వేడినీళ్లేరా మహారాజా. నాన్న కూడా ముందు అదే అడిగాడు."