నా మాట కోసం ఆగిన మనిషి

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నాకు మాట పడిపోయిన రోజు ఒక మంగళవారం. పొద్దున్న మా వారు విజయనగరం వెళ్లే ప్యాసింజరు కోసం గుమ్మం దిగుతుంటే, అన్నం క్యారేజీ మరిచిపోతున్నారని వెనక్కి పిలవబోయాను, నోరు తెరిచాను గానీ పిలుపు రాలేదు, చేతిలో ఉన్న క్యారేజీ జారి కింద పడింది, ఆ చప్పుడుకు ఆయన వెనక్కి తిరిగి చూసి సంచి అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చారు. నాకు అన్నీ తెలుస్తున్నాయి. ఆయన అడుగుతున్నదీ తెలుస్తోంది, మా అమ్మాయి ఏడుస్తున్నదీ తెలుస్తోంది, కానీ జవాబు చెప్పడానికి నాలో ఒక్క మాట కూడా మిగల్లేదు.

మా వారి పేరు ప్రేమానందం. విజయనగరంలో ఒక కాలేజీలో ఎం.బి.ఏ. పిల్లలకు వ్యాపార పాఠాలు చెప్పే ప్రొఫెసరు. కాపురం గజపతినగరంలో. ఆయన ప్రభువు దగ్గరకు వెళ్లి ఈ నెలకు ఏడాది అయింది, ఆయన గురించి నాలుగు మాటలు మన పత్రికకు చెప్పమని పాస్టరుగారు అడిగారు. నేను ఆగి ఆగి చెబుతుంటే మా అమ్మాయి కెజియా రాస్తోంది.

విశాఖపట్నంలో పెద్ద డాక్టరుగారు చూసి, మెదడులో రక్తం గడ్డకట్టిందని, కుడిచేయి కొంత బాగుపడుతుందని, మాట మాత్రం రావచ్చు, రాకపోవచ్చు అని చెప్పారు. మూడు వారాలకు ఇంటికొచ్చాక ఒకే ఒక్క మాట వచ్చింది. అది "గిన్నె". మంచినీళ్లు అడగబోతే గిన్నె, కెజియాను పిలవబోతే గిన్నె, తలనొప్పి అని చెప్పబోయినా గిన్నె. ఏ మాట కోసం వెతికినా అదే నోటికొచ్చేది, వచ్చినది తప్పని నాకే తెలిసేది, అదే నా నరకం.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అంతకుముందు మన సంఘంలో ప్రార్థన అంటే నన్నే లేపేవారు. ఉపవాస కూడికల్లో అరగంట తడుముకోకుండా ప్రార్థించేదాన్ని, అందరూ మెచ్చుకుంటుంటే లోపల పొంగిపోయేదాన్ని. మా వారు మాత్రం సంఘంలో ఏనాడూ నోరు విప్పి ప్రార్థన చేయలేదు, తల వంచుకొని కూర్చొని చివర్లో ఆమేన్ అనేవారు. "క్లాసులో గంటలు గంటలు మాట్లాడతారు, దేవుడితో రెండు ముక్కలు మాట్లాడలేరా?" అని నలుగురిలో ఎన్నోసార్లు ఎత్తిపొడిచాను. ఆయన నవ్వి ఊరుకునేవారు. అలాంటి నేను గిన్నె గిన్నె అంటూ గుడికి ఎలా వెళ్తాను? మానేశాను. పరామర్శకు వచ్చిన అక్కలు గట్టిగా, చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడేవారు, నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ప్రభువా, నీ కోసం వాడిన నోటినే తీసేశావా అని లోపలే పోట్లాడాను, ఆ తరువాత పోట్లాడడం కూడా మానేశాను. చచ్చిపోతే బాగుండునని చాలా రోజులు కోరుకున్నాను.

మా ఇంట్లో సాయంత్రం కుటుంబ ప్రార్థన నేనే చేసేదాన్ని. నేను ఆసుపత్రి నుంచి వచ్చిన వారం రోజులూ ఆ వేళకు ముగ్గురం ఊరికే కూర్చుని లేచిపోయాం. ఎనిమిదో రోజు ఆయన గొంతు సవరించుకున్నారు, కెజియా ఆశ్చర్యంగా తలెత్తి చూసింది. ఆయన కాలేజీలో మాట్లాడే తెలుగు వేరు, ఆరోజు మాట్లాడింది వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు.

"ప్రబువా, ఇది రోజూ నీతో మాటాడేది. ఇప్పుడు మాటాడలేకపోతన్నాది. నాకేమో నీతో మాటాడ్డం రాదు. ఏటి సెప్పాలో కూడా తెల్దు. మా ఇద్దరిదీ కలిపి ఇను."

అంతే ఆ ప్రార్థన. ఆమేన్ అనడం కూడా మరిచిపోయారు. నా అరగంట ప్రార్థనలన్నీ ఒక పక్క, ఆ నాలుగు మాటలూ ఒక పక్క పెట్టి చూసుకున్నాను, సిగ్గుపడ్డాను, మాట పడిపోయాక మొదటిసారి కోపంతో కాకుండా ఏడ్చాను.

ఆ సంవత్సరమే కాలేజీలో ఆయనకు డైరెక్టరు పదవి ఇస్తామన్నారు. దానికోసం పదేళ్లు ఎదురుచూసిన మనిషి, వద్దన్నారు. క్లాసులన్నీ మధ్యాహ్నానికి మార్పించుకున్నారు, పొద్దున్నంతా ఇంట్లోనే. వంట నేర్చుకున్నారు, మొదట్లో పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేవారు. కెజియా అప్పుడు పదో తరగతి, దానికి జడ వేయడం కూడా నేర్చుకున్నారు, వంకర జడ వేసుకొని అది మారుమాట లేకుండా బడికి వెళ్లేది. అయితే వీటన్నిటికంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. నేను మాట కోసం తడుముకుంటుంటే అందరూ తొందరపడి ఆ మాట వాళ్లే అందించేసేవారు. ఆయన అందించేవారు కాదు. కళ్లజోడు తీసి చేతిలో పట్టుకొని, నా ముఖం చూస్తూ, రైలు టైమైపోతున్నా ఆగేవారు. గిన్నె అంటే, "అది కాదు కదా, మళ్లీ చూడు" అని మళ్లీ ఆగేవారు.

మాట నేర్పడానికని ఆసుపత్రిలో బొమ్మల కార్డులు ఇచ్చారు. ఆవు, బల్ల, చెట్టు. ఒకరోజు విసుగొచ్చి వాటిని విసిరికొట్టాను. ఆయన ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టి, "వీటికి మాట ఎందుకు వస్తాది? నీకు ఆవుతో ఏటి పని? రేపట్నించి కూరలకి నువ్వే వెళ్లాలి. బేరం కాడ నోరు మూసుకుని ఉన్న మనిషిని నేనింతవరకు సూడలేదు" అన్నారు.

మర్నాడు నన్ను నడిపించుకుంటూ బజారుకు తీసుకెళ్లి, పైడమ్మ కొట్టు ముందు నిలబెట్టి, తాను ఎదురుగా టీ బడ్డీ దగ్గరకు పోయి నిలబడ్డారు. పైడమ్మ చుట్టుపక్కల పల్లెల నుంచి కూరలు తెచ్చి అమ్మే మనిషి.

"ఏటి కావాలమ్మా?" అంది.

నేను "గిన్నె" అన్నాను.

పైడమ్మ నవ్వలేదు. "గిన్నెలు నా కాడ నేవమ్మా. వంకాయలున్నాయి, బెండకాయలున్నాయి. సేత్తో సూపించు" అంది. చూపించాను, తూచి ఇచ్చింది. ఇంటికొచ్చి తలుపేసుకొని ఏడ్చాను. మర్నాడు మళ్లీ తీసుకెళ్లారు. ఎండైనా వానైనా, నెల తరువాత నెల, ఆయన టీ బడ్డీ దగ్గర, నేను కొట్టు ముందు. కొన్నాళ్లకు పైడమ్మకు సంగతి తెలిసిపోయి తాను కూడా మేష్టరైపోయింది. వంకాయ చూపిస్తే బీరకాయ ఎత్తి పట్టుకొని, "ఇదేనా? పేరు సెప్పమ్మా, సెప్తేనే ఇస్తాను" అని కూర్చునేది.

సహోదరీలారా, వానాకాలం మొదట్లో ఒకరోజు పైడమ్మ నాకు వంకాయలు ఏరి పెడుతోంది. ప్రతి కాయకూ సన్నగా చిల్లు ఉంది. చూస్తూనే నాకు ఒళ్లు మండిపోయింది, ఏం చెప్పాలా అని వెతుక్కోకముందే నా నోరు, "పుచ్చు. పుచ్చు వంకాయలు. నాకొద్దు" అంది.

పైడమ్మ తక్కెడ కింద పెట్టేసింది. లేచి నిలబడి రోడ్డు అవతలికి వినబడేలా, "మేష్టారూ, ఇటు రండి, అమ్మ నన్ను తిట్టినాది" అని కేకేసింది. ఆయన టీ గ్లాసు చేత్తో పట్టుకునే వచ్చేశారు. "ఏటన్నావు? మళ్లీ ఓసారి అను" అన్నారు. అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకొని, ఆ పుచ్చు వంకాయలే కొన్నారు. "అవి వద్దు బాబూ, మంచివి ఇస్తాను" అని పైడమ్మ ఎంత చెప్పినా వినలేదు. ఆ సాయంత్రం ప్రార్థనలో ఆయన, "ప్రబువా, పుచ్చు వంకాయలకి స్తోత్రం" అన్నారు. కెజియా నవ్వు ఆపుకోలేకపోయింది, మా ఇంట్లో నవ్వు వినబడి అప్పటికి తొమ్మిది నెలలు.

ఆ తరువాత మాటలు ఒక్కటొక్కటే వచ్చాయి. రెండేళ్లు పట్టింది. ఇప్పటికీ కొన్ని రావు, కొన్ని ఒకదానికి బదులు ఇంకొకటి వస్తాయి. మళ్లీ గుడికి వెళ్లిన మొదటి ఆదివారం నేను లేచి, "తండ్రీ, స్తోత్రం, ఆమేన్" అని కూర్చున్నాను. నా జీవితంలో నేను చేసిన నిజమైన ప్రార్థనల్లో అదే మొదటిదని నా నమ్మకం. నా పక్కన ఆయన లేచి పెద్ద ప్రార్థన చేశారు, సంఘమంతా ఆయన వైపే చూసింది. దేవుడు మా ఇంట్లో ఇద్దరి నోళ్లు విప్పాడు, మహిమ అంతా ఆయనకే.

కిందటేడు మా వారికి గుండె జబ్బు వచ్చింది. విజయనగరం ఆసుపత్రిలో మంచం మీద పడుకొని, మధ్యాహ్నం వేళ, "సుశీలా, నువ్వు ప్రార్థన చెయ్యి" అన్నారు. "ప్రభువా, ఈయన్ని" అన్నాను, ఆపైన మాట రాలేదు. కాపాడు అనాలి, స్వస్థపరచు అనాలి, అరగంట ప్రార్థించిన రోజుల్లో ఎన్నిసార్లు అన్న మాటలో అవి, ఒక్కటీ దొరకలేదు. కెజియా అందించబోతే ఆయన వద్దని చెయ్యి ఎత్తారు. ఆయాసపడుతూనే నా ముఖం చూస్తూ ఆగారు. చివరికి, "ప్రభువా, ఈయన్ని పట్టుకో" అని వచ్చింది. ఆయన ఆమేన్ అన్నారు. రెండో రోజు వెళ్లిపోయారు. స్వస్థత అడగలేదే అని నన్ను నేను నిందించుకున్నాను, కానీ సమాధి దగ్గర నిలబడినప్పుడు ప్రభువు నా ప్రార్థన విన్నాడని, పట్టుకున్నాడని, నా మనస్సు నెమ్మదించింది.

ఆరోజు ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు చాలామంది వచ్చారు. పొందూరు నేత కుటుంబం నుంచి వచ్చి ఇప్పుడు బ్యాంకులో మేనేజరుగా ఉన్న ఒకాయన నా దగ్గర కూర్చొని, "అమ్మా, క్లాసులో నన్ను లేపితే ఇంగ్లీషు రాక నిలబడిపోయేవాణ్ణి. అందరూ నవ్వేవారు. సారు ఆళ్లందర్నీ ఊరుకోమని, కళ్లజోడు తీసి సేతిలో పట్టుకుని నా కోసం ఆగేవారు. తెలుగులో సెప్పు, పర్లేదు, నేను ఎక్కడికీ పోను అనేవారు" అన్నారు. ఆ తరువాత ఇంకొకరు, ఇంకొకరు, అందరిదీ అదే మాట. ఇరవై ఏళ్లు కాపురం చేసి, నా కోసమే ఆయన ఓపిక నేర్చుకున్నారనుకున్నాను. నాకు ఆ జబ్బు రాకముందే, నేను ఆయన్ని నలుగురిలో ఎత్తిపొడుస్తున్న రోజుల్లోనే, ప్రభువు ఆ తరగతి గదిలో నా కోసం ఆయన్ని సిద్ధం చేస్తున్నాడు.

ఇది చదువుతున్న మీలో ప్రార్థన చేయడం రాదని వెనక కూర్చున్నవాళ్లు ఉంటారు, జబ్బుతోనో దుఃఖంతోనో నోరు రాక దేవుడి మీద అలిగి గోడవైపు తిరిగి పడుకున్నవాళ్లు ఉంటారు. మీతో ఒక్క మాట చెబుతాను. మీకు వచ్చిన ముక్కతోనే మొదలుపెట్టండి, తప్పు మాటైనా ఫరవాలేదు. ఒక మనిషే నా కోసం అంత ఆగగలిగినప్పుడు, ఆ మనిషిని నాకిచ్చిన దేవుడు మీకోసం ఇంకెంత ఆగుతాడో ఆలోచించండి. ఆయనను నమ్మండి. మీ ఇంట్లో మాట పడిపోయినవాళ్లు ఉంటే గజపతినగరం మా ఇంటికి తీసుకురండి. పొద్దున్నపూట నాకు వేరే పని లేదు, వాళ్ల మాట వచ్చేదాకా కూర్చుంటాను.