నీళ్లు తాగే గుంత

మొన్న ప్రొద్దుటూరులో మా ఇంటికి కొత్త వాషింగ్ మెషీన్ బిగించడానికి ఒక మెకానిక్ వచ్చాడు. దాని ప్లగ్గుకు మూడు పిన్నులు, మా గోడలో పాత సాకెట్‌కు రెండే రంధ్రాలు. ఆయన కటింగ్ ప్లేయర్ తీసి, పైనున్న లావుపాటి మూడో పిన్నును పట్టుకున్నాడు. "ఏంది అప్పా నువ్వు చేస్తాండేది?" అన్నాను. "ఇది ఉత్తదేమ్మా. ఇది లేకున్నా మిషన్ తిరుగుతాది," అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తిరుగుతుంది, ఎందుకు తిరగదు? నలభై ఏళ్ల కిందట మా పెద్దనాయన బోరు మోటారు కూడా తిరిగింది.

సింహాద్రిపురం దగ్గర చీనీతోటలో, అదే బత్తాయి తోటలో, ఉండేది వాళ్ల ఇల్లు. తల్లి లేని నన్ను సాకింది పెద్దమ్మే. నేను జమ్మలమడుగులో సైన్సు టీచరుగా చేరిన కొత్తలో సెలవులకు పోతే, మోటారు వేసినప్పుడల్లా స్టార్టరు పెట్టె చేతికి జివ్వుమంటోందని చెప్పింది. మొగునితో చెబితే "ఆడోళ్లకు అన్నీ జివ్వుమనేటివే, చెప్పులేసుకో పో" అన్నాడట. పోయి చూస్తే పెట్టెకు ఎర్త్ తీగే లేదు. ఆమెను కూర్చోబెట్టి పాఠం చెప్పాను. లోపలి తీగ తొడుగు చెడి ఇనుప పెట్టెకు తగిలితే, పెట్టె అంతా కరెంటు వస్తుంది. అది నేలలోకి దిగే దారి వెతుక్కుంటుంది. మనం తీగ వేసి మంచి దారి చూపిస్తే దాదాపు అంతా అటే పోతుంది. చూపించకపోతే పెట్టెను ముట్టుకున్న మనిషే దారి. తీగ చివర నేలలో గొట్టం పాతి, చుట్టూ బొగ్గులూ ఉప్పూ వేసి, అప్పుడప్పుడూ తడపాలి, ఎండిన మన్నులోకి కరెంటు సరిగా దిగదు. అంతా విని పెద్దమ్మ, "అంటే మన్ను గూడా దప్పిగొంటే పని చెయ్యదు," అంది. నా బళ్లో ఏ పిల్లా అంత బాగా చెప్పలేదు.

పట్టుబట్టి గుంత తవ్వించింది, తీగ వేయించింది. ఎండాకాలం వస్తే రెండు రోజులకొక బిందె దానికి పోసేది. మా సీమలో, బిందె నీళ్ల కోసం ఆడవాళ్లు జుట్లు పట్టుకునే రోజుల్లో! "మనుషులకే తాగను నీళ్లు ల్యాకుంటే మన్నుకు పోస్తాంది సూడండప్పా" అని ఊరంతా నవ్వింది. అందరికంటే పెద్దగా నవ్వింది పెద్దనాయన. నీళ్లు తాగే గుంత అని పేరు పెట్టింది కూడా ఆయనే. "నగనీ పాపా, నా చేతికి జివ్వుమనేది పోయింది, అది సాలు," అనేది పెద్దమ్మ.

నా కాన్పుకని ఆమె ప్రొద్దుటూరు వచ్చి రెండు నెలలుంది. నడి ఎండాకాలం. బిడ్డను చూడడానికి పెద్దనాయన వస్తే, కాళ్లు కూడా కడుక్కోనియ్యకుండా "గుంతకు నీళ్లు పోస్తాండావా?" అని అడిగింది. ఆయన నా వైపు తిరిగి, "మీ పెద్దమ్మకు మనవరాలి కన్నా ఆ గుంత మీదనే పాణం," అని నవ్వాడు. పోస్తున్నానని మాత్రం అనలేదు. నేనూ నవ్వాను. టీచరమ్మను, అంతా తెలిసినదాన్ని!

తిరిగి తోటకు పోయిన వారానికే, ఆయన వట్టి కాళ్లతో, తడి చేత్తో స్టార్టరు ముట్టుకున్నాడు. గుంత ఎండి బీటలు వారి ఉంది. ప్రాణమైతే దక్కింది, కుడిచేతి వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. ఆసుపత్రికి చూడడానికి వచ్చిన ప్రతివాళ్లూ పెద్దమ్మ మొహం మీదే అన్నారు: "ఆడది ఇల్లిడిసి పోతే ఇట్లనే అయితాది." ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. ఆమె లేకనే జరిగింది, కాదనను. మరి ఒక బిందె ఎత్తి పోయడానికి ఆ ఇంట్లో ఇంకెవరికీ చేతులు లేవా? తప్పు చేసినవాళ్లంతా ఓదార్చడానికి వచ్చారు, తప్పు చేయని ఒక్కతే తల వంచుకుని నిలబడింది.

ఆ వానాకాలం రాకముందే బిడ్డనెత్తుకుని తోటకు పోయాను. పెద్దనాయన గుంత పక్కన కూర్చుని, ఎడమచేత్తో చెంబు చెంబుగా నీళ్లు పోస్తున్నాడు. పెద్దమ్మ గడపలో నిలబడి చూస్తోంది. "ఇంగొక చెంబు పొయ్యి," అంది. ఆయన పోశాడు. వాళ్లిద్దరి మధ్యా ఆ విషయం మీద అంతకు మించి మాట నడిచినట్టు నేనెరగను.

మెకానిక్ చేతిలోంచి ప్లగ్గు లాక్కున్నాను. ఆ మూడో పిన్ను ఎర్త్‌కేనని, దానికి ఎర్త్ తీగతో కొత్త సాకెట్ వేసేదాకా మిషన్ ముట్టొద్దని చెప్పాను. సణుక్కుంటూ పోయాడు. కాలం అన్నీ నేర్పుతుందంటారు. నేర్పుతుంది, మా పెద్దనాయన దగ్గర కుడిచెయ్యి తీసుకుని నేర్పింది. ఉత్తదే అనేవాళ్ల దగ్గర ఇంకేం తీసుకుంటుందో.