రోము పల్లకీకి మా ఊరి బోయీ చెప్పిన తీర్పు

యుద్ధం రోజుల్లో, నందికొట్కూరు పక్కన మా ఊళ్ళో, శనక్కాయల గోదాములోకి రోము నుంచి పోపుగారు వచ్చి మూడువేల మందితో మాట్లాడినారు. ఆయన మాటలు తెలుగులో చెప్పినవాణ్ణి నేను.

మూడువేలు అన్నానా? ఆ గోదాములో మూడువందల మంది పట్టినా గొప్పే. పోపుగారు వచ్చింది కూడా గోడకు కట్టిన తెల్లపంచె మీదికి, కదిలే బొమ్మగా. ఆయన మాటలు తెలుగులో చెప్పింది మాత్రం నిజంగా నేనే. తంటా వచ్చింది అక్కడే.

ఆ బొమ్మల యంత్రాన్ని మా ఊరి ఫాదరుసామి మద్రాసు నుంచి అడిగి తెచ్చినాడు. చేత్తో పిడి తిప్పితే ఆడుతుంది. పట్టపగలే చీకటి కావాలి కాబట్టి గొర్రెల కాపర్ల దగ్గర నల్ల కంబళ్ళు అడుక్కొచ్చి కిటికీలకు కట్టినాము. పోపుగారు ప్రార్థన చేసేది, జనానికి కనిపించేది, దివాణంలో కాగితాలు చూసేది, అన్నీ నిజంగా తీసిన బొమ్మలే. శబ్దం మాత్రం లేదు. పక్కన నిలబడి గట్టిగా చెప్పే మనిషి కావాలి. నేను మిషన్ బడిలో అయివారిని. మాది వేరే క్రైస్తవ సంఘం, మా పెద్దలకు రోము పేరెత్తితే గిట్టదు. అయినా నా గొంతు మూడు చేలు దాటి వినిపిస్తుంది. ఫాదరుసామి విదేశీయుడు, తెలుగు పుస్తకాల్లో నేర్చినాడు. "మీ స్వరము గొప్పది. దయచేసి వివరింపుడు" అన్నాడు. పొగిడితే నేను ఆగుతానా? చూసినవాళ్ళు ఏమన్నారో రాసి పంపాలని మద్రాసువాళ్ళు పెట్టిన షరతు కూడా నా నెత్తినే పడింది.

అందరూ వింత చూడను వచ్చినారు. ఒక్కాయన మాత్రం కడుపులో బాధ పెట్టుకుని వచ్చినాడు. ఆయన మా ఊరి బోయీల పెద్ద. తాత ముత్తాతల నుంచి పల్లకీలు మోసిన ఇల్లు. బస్సులొచ్చి పెండ్లి పల్లకీలు పోయినాయి. మిగిలిందల్లా ఏడాదికొకసారి మరియమ్మ తల్లి పండగ పల్లకీ. పోయినేడు వంక మలుపులో అది ఒరిగి, తల్లి ప్రతిమకు రెండు వేళ్ళు విరిగినాయి. ఈసారి లారీ మీద ఊరేగిద్దామని ఎవరో ఫాదరుసామి చెవిన వేసినారు. సామి సరేనన్నాడు. పండగ ఎనిమిది రోజుల్లో ఉంది. ఆ మాట విన్నప్పటి నుంచి పెద్దాయన గడ్డం గీసుకోవడం మానేసినాడు.

ఆట మొదలైంది. పంచె మీద పెద్ద గుడి, దాని ముందు కనుచూపు మేర బండలు పరిచిన మైదానం.

"ఎంత చోటప్పా! శనక్కాయ కల్లానికి శానా బాగుంటాది."

"ఆ బండలు మన కడప బండలేనా, అయివారూ?"

"మనయే. ఓడలో పోయినాయి" అన్నాను, ఏ మాత్రం జంకకుండా.

పోపుగారు కనిపించినారు. బక్కపలచటి మనిషి. వెనక నుంచి ఒక అవ్వ, "పెండ్లాం లేదంట, కోడలు లేదంట. దాహమైతే చెంబుడు నీళ్ళు ఎవరిస్తారు నాయనా ఆయనకు?" అని కండ్లు తుడుచుకుంది. అంతలో పోపుగారి పెదవులు కదిలినాయి.

"ఏమంటాండాడు అయివారూ?"

నాకేం తెలుసు? "నందికొట్కూరు తాలూకావాళ్ళు బాగుండారా అని అడుగుతాండాడు" అనేసినాను.

"బాగుండాము సామీ!" అని గోదామంతా ఒక్క గొంతుగా పలికింది. యంత్రం దగ్గర ఫాదరుసామికి దగ్గొచ్చింది.

అప్పుడు కుర్చీ వచ్చింది. సింహాసనం లాంటి కుర్చీకి కొమ్ములు, అంటే మోతకర్రలు, దూర్చి, ఎర్రబట్టల మనుషులు భుజాల మీద మోసుకొస్తున్నారు. అందులో పోపుగారు. బోయీల పెద్ద దిగ్గున లేచి పంచె ముందుకొచ్చి చేతులు జోడించినాడు.

"సామీ, మా బాగు అడిగినావు కాబట్టి చెప్తాండా. నిన్ను మనుషులు మోస్తాండారు. మా తల్లిని లారీ ఎక్కిస్తారంట. ఇది న్యాయమా?"

పోపుగారికి నోరిచ్చినవాణ్ణి నేను. ఇప్పుడు జవాబు చెప్పాల్సింది కూడా నేనే. ఏ మొహంతో చెప్పేది? ఎందుకంటే, చెప్పేస్తాను, ఆ లారీ మాట ఫాదరుసామి చెవిన వేసింది నేనే. లారీ నా బావమరిదిది. పెట్రోలు దొరక్క బొగ్గు గ్యాసుతో నడుపుతున్నాడు. తల్లి ఎక్కిన లారీ అని పేరొస్తే పదిమందీ పిలుస్తారని వాడి ఆశ.

అంతలో పంచె మీద పోపుగారు చెయ్యెత్తి దీవించినారు.

"ఒప్పుకున్యాడు! సరేనన్యాడప్పా!" గోదాము రేకులు లేచిపోయేంత కేక. ఫాదరుసామి నవ్వు పట్టలేక పిడి వదిలేసినాడు. బొమ్మ ఆగింది. పోపుగారి చెయ్యి ఎత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది.

నవ్వు తగ్గినాక సామి నెమ్మదిగా అన్నాడు: "పెద్దాయనా, ఇది బొమ్మ మాత్రమే. గత సంవత్సరము తల్లి వ్రేళ్ళు విరిగినవి గదా?"

"విరిగినాయి సామీ. తప్పు నాదే. యాడ తప్పినానో ఇప్పుడే తెలిసింది. ఆ కుర్చీ ఇంకోసారి తిప్పు."

సామి తిప్పినాడు. బొమ్మలు చూపించను నేను పట్టుకున్న కట్టెను పెద్దాయన లాక్కున్నాడు.

"చూడండి, ముందు కుడిపక్కోడు పొట్టి. కుర్చీ ఆ పక్కకే ఒరుగుతాండాది. పాపం ముసలాయన చేతిపిడి ఎట్ల పట్టుకున్యాడో చూడండి. అడుగు బాగుండాది, ఎత్తు కుదర్లే. పోయినేడు నాదీ ఇదే కత. ఎత్తు పిల్లోళ్ళంతా పటాలంలో చేరిపోయినారు. మిగిలినోళ్ళకు అడుగు నేర్పినా గానీ భుజాలు చూసుకోలే. పొట్టోడి భుజం మీద రెండు మడతలు గుడ్డ ఎక్కువేస్తే సరిపోతాది సామీ."

మరుసటి పొద్దున పరీక్షకని పల్లకీలో తల్లికి బదులు నీళ్ళ నిండుచెంబు పెట్టినారు. పొట్టివాళ్ళ భుజాల మీద గుడ్డ మడతలు. ఊరంతా వెంట నడిచింది. అదే వంక, అదే మలుపు. సామి చెంబులోకి వంగి చూసి, తన టోపీ తీసి పెద్దాయన నెత్తిన పెట్టినాడు. చుక్క తొణకలేదు. ఇది పెంచి చెప్పడం లేదు.

మద్రాసుకు నేను గొప్ప ఉత్తరం రాసినాను, ప్రజలు ఆనందబాష్పాలతో తడిసిపోయినారని. సామి చదివి, "ఇందులో ప్రజలెక్కడ? అంతా మీరే" అని చించేసినాడు. అవ్వ అడిగిన చెంబు నీళ్ళ మాటా, కల్లం మాటా రాయించినాడు. చివర్లో పెద్దాయన చెప్పింది చెప్పినట్టే: "ముందు కుడిపక్కాయన్ను భుజం మీద గుడ్డ వేసుకోమనండి."

పండగనాడు తల్లి భుజాల మీదే బయల్దేరింది. ఒక మనిషి తక్కువైతే నా ఎత్తు సరిపోయిందని నన్ను పిలిచినారు. గుడి నుంచి గుడి దాకా మోసినానని నలభై ఏండ్లుగా చెప్తున్నాను. మోసింది ఇరవై అడుగులు.

"అయివారూ, నోటితో మోసింది చాల్లే, పక్కకు రా!" అని పెద్దాయన అరిస్తే తప్పుకున్నాను. జనం పకపకా నవ్వినారు. నా బావమరిది కూడా నవ్వుతూ వచ్చి నా చోట్లో భుజం పెట్టినాడు. వాడు చివరి దాకా మోసినాడు. వంక మలుపు తిరిగేటప్పుడు ఊరు ఊపిరి బిగబట్టింది. పల్లకీ తిరిగింది. అతికించిన వేళ్ళతో తల్లి నిటారుగా దాటిపోయింది. ముందు కొమ్ము కింద పెద్దాయన మొహం, గడ్డం నున్నగా గీసుకుని, ఎండలో మెరిసింది.

ఆ ఉత్తరం మద్రాసు దాటి రోముకు చేరి, అక్కణ్ణుంచి జవాబొచ్చిందని చెప్పుకున్న రోజులున్నాయి. రాలేదు. కానీ పెద్దాయన బతికినన్నాళ్ళూ నన్ను చూసినప్పుడల్లా అడిగేవాడు: "ఏమప్పా అయివారూ, ఆ కుడిపక్కాయన గుడ్డ వేసుకుంటాండాడా?"

"వేసుకుంటాండాడంట పెద్దాయనా. కుర్చీ ఇప్పుడు ఒరగడంలేదంట."

అది కూడా అబద్ధమే. దాన్ని మాత్రం వెనక్కి తీసుకోను.