మోతికని కుట్టిన బొంత

మా చిన్నప్పుడు చలికాలం ఆదివారమొస్తే, మా కిరాణం దుకాణం అరుగు మీదికి పొద్దుగాల్నే ఎండొచ్చేది... ఆ ఎండల ముగ్గురం కూసున్నమంటే పొద్దుమీకేదాక లేచేటోళ్లం కాదు. నేను, టైలర్ బిడ్డ నూర్జహాన్, మా వెనుక వాడల ఉండే సుజాత. కాళ్లకాడ మోతి... ఎవ్వరిదీ కాని కుక్క, మా దుకాణం బిస్కిట్లు తిని మాదైంది.

ఊరు ముడిమ్యాల. నాకు పదేండ్లుంటయేమో. ఈ ముచ్చట ఇన్నేండ్లు ఎవ్వరికీ చెప్పలే. చెప్పుకునేటట్టు గూడ లేదు.

ఆ దినం పొద్దుగాల సుజాత వచ్చి మా అమ్మను ఒక పాత చీర అడిగింది. వాళ్లమ్మకు కాన్పై పది దినాలే. మా దిక్కు పుట్టిన పిల్లకు కొత్తబట్ట కప్పరు. పెద్దోళ్లు కట్టి కట్టి మెత్తవడ్డ చీర అడిగి తెచ్చుకొని బొంత కుడ్తరు... ఆ పెద్దోళ్ల ఆయుష్షు పిల్లకొస్తదని. మా అమ్మ గిరాకిల ఉండె. తర్వాత చూస్తలే అన్నది, మర్శిపోయింది.

నేను మర్వలే. పక్కనే పల్లీలు తినుకుంట అంతా విన్న.

మధ్యాహ్నానికి నాకో తెలివి పుట్టింది. మోతి చలికి వణుకుతున్నది, దానికి బొంత కుడ్దమన్న. సందూగ తెరిచి మా అవ్వ పాత చీర, ఆకుపచ్చది, తెచ్చిన. నూర్జహాన్ వాళ్ల నాయిన మిషన్ కింద పడ్డ పీలికలు ఒడినిండ తెచ్చింది. సుజాత ఆ చీర దిక్కు శానసేపు చూసింది. సూదిల దారం ఎక్కించుకున్నది.

ముగ్గుర్ల చెయ్యి తిరిగింది ఆమెకే. నా కుట్లు కోడి గెలికినట్టుండె. ఆమెయి చీమల బారు లెక్క పోయినయ్. చీరను నాలుగు మడతలేసి, నడుమ పీలికలు పరిచి, ఎక్కడ గడ్డ తాకినా విప్పి మల్ల సదిరింది. మోచెయ్యితోటి కొలిచి ఇంత చాలన్నది. మోతికి చిన్నగైతది కదనే అన్న నేను.

"సరిపోతది" అన్నది, తలెత్తకుండ.

మేం జామకాయలు తిన్నం, నవ్వినం, మోతికి నూర్జహాన్ పీలికలతోటి దండేసింది. మస్తు మంచిగుండె ఆ దినం... తలుచుకుంటే ఇప్పుడదే ఇంకింత రోత.

పొద్దుమీకి బొంతను అరుగు కింద పరిచినం. మోతి రెండు చుట్లు తిరిగి పండుకున్నది. తెల్లారి చూస్తే బొంత లేదు. ఎవరు తీసిన్రో నాకు ఎరికే. బడి ఇడిసినంక నూర్జహాన్‌ను ఎంటేసుకొని సుజాతోళ్లింటికి పోయిన, పోలీసోని లెక్క.

తలుపు లేదు, గోనెసంచి కట్టి ఉన్నది. లోపల వాళ్లమ్మ చాప మీద కూసున్నది, పక్కన నిప్పుల కుంపటి. ఒడిల పిల్ల, పిల్ల చుట్టు ఆకుపచ్చ బొంత. వేన్నీళ్లల పిండి కుంపటి మీద ఆరబెట్టినట్టున్నరు, సబ్బు వాసన, పొగ వాసన వచ్చింది. కొలత అచ్చంగ ఆ పిల్లకు సరిపోయింది.

గప్పుడన్న నాకు బుద్ధి రావాలె గద. నూర్జహాన్ నా అంగీ పట్టి గుంజుతనే ఉన్నది, వద్దే, పోదాం పా అని.

"అది మా మోతిది" అన్న.

వాళ్లమ్మ సుజాత దిక్కు చూసింది. సుజాత నేల చూసింది. వాళ్లమ్మ పిల్లను తన కొంగుల చుట్టుకొని, బొంతను మంచిగ మడతవెట్టి నా చేతికిచ్చింది.

"తీస్కపో బిడ్డా... తప్పైంది."

పచ్చి బాలెంత... పదేండ్ల పోరికి తప్పైంది అన్నది. నేను తీస్కున్న. సంకల పెట్టుకొని బజార్ల నుంచి నడుసుకుంట వచ్చిన. థూ.

ఇంట్ల చెప్తే, మన వస్తువు మనం తెచ్చుకునుడే గద అన్నది మా అమ్మ. ఒక్కలు తిట్టలే. మోతి కాడ పరిస్తే వాసన చూసి, తోక కిందికేసుకొని పోయి పొయ్యి బూడిదల పండుకున్నది. ఎన్నిసార్లు గుంజుకొచ్చినా బూడిదలకే. నాలుగు దినాలకు మా అమ్మ ఆ బొంతను నూనె డబ్బాల కింద ఏసింది.

సుజాత మల్ల మా అరుగు ఎక్కలే. బడిల గూడ వేరే బెంచీకి పోయింది. ఆ చిన్నపిల్లకు ఇప్పుడు పెండ్లి గూడ అయిందంట... ఆ మాట విన్ననాడు జర ఊపిరి తీస్కున్న.

మొన్న ఆదివారం మొయినాబాద్ దిక్కు ఒక ఫామ్‌హౌజ్‌ల మా ఆఫీసోళ్లు కలిసిన్రు. చేతిపనులంట, దోస్తులంట, ఎవరి కుక్కను వాళ్లు తెచ్చుకునుడంట. ఒకామె కుక్కకు బొంత కుట్టి కప్పింది. అందరు చుట్టు చేరి ఫోటోలు దిగిన్రు. గేటుకాడ ఊడ్చేటామె బిడ్డను ఉత్త తువ్వాలల చుట్టి చెట్టుకింద పండవెట్టింది. ఎంత కండ్లు నెత్తికెక్కినయ్ వీళ్లకు అని తిట్టుకున్న...

తిట్టుకుంటనే ఫోన్ తీసి ఆ కుక్క ఫోటో నేను గూడ తీసిన. తీసిన సంగతి ఇంటికొచ్చి చూసుకున్నంక తెలిసింది.

ఇప్పుడు మా ఊర్ల అరుగులు లేవు, అన్ని షట్టర్లే. బొంతలు ఆన్‌లైన్‌ల దొరుకుతున్నయ్. చిన్నప్పటివి అందరు తియ్యటియే రాస్తరు... చేదుది, ఇన్నేండ్లయినా గొంతు దిగనిది మీకు గూడ ఒకటి ఉంటే కింద రాయున్రి. ముడిమ్యాల సుజాత మీల ఎవరికన్న తెలిస్తే, ఇది చదివి వినిపియ్యున్రి. ఆ బొంత మోతిది కాదని, కుట్టేటప్పుడే నాకు తెల్సని చెప్పున్రి.